కుషన్ కవర్ మీద చేతి ఎంబ్రాయిడరీ: ఉతికాక ముడతలు, కారిన ఎరుపు, మొనదేలిన మూలలు

పూలరెక్క:

16 అంగుళాల కుషన్లకు నాలుగు కవర్లు అనుకున్నాను. రెండు పూర్తయ్యాయి, మిగతా రెండింటికి ఇంకా గుడ్డ కత్తిరించలేదు. వాటి మీద చెయ్యి పెట్టేముందు ఇవి ఎందుకు పాడయ్యాయో తెలుసుకోవాలి.

గుడ్డ లేత గోధుమరంగు కాటన్, చొక్కా గుడ్డంత మందం. కొత్తది, ఉతక్కుండానే మొదలుపెట్టాను. మధ్యలో నాలుగంగుళాల ఎర్ర పువ్వు, చుట్టూ ఆకులు, తీగ. రేకులూ ఆకులూ శాటిన్ కుట్టు (ఒక అంచు నుంచి ఇంకో అంచుకి పక్కపక్కనే వేసేది), తీగ కాడకుట్టు, పువ్వు నడుమ ముడికుట్లు. దారం ఆరు పోగుల కాటన్‌లోంచి మూడు పోగులు.

ఫ్రేము నుంచి తీసినప్పుడు గుడ్డ చదునుగానే ఉంది. ఒక్కసారి ఉతకగానే:

1. పువ్వు చుట్టూ గుడ్డ ముడుచుకుపోయింది, పువ్వు ఉబ్బింది. ఇస్త్రీ చేసినా పోవడం లేదు.
2. రేకుల చుట్టూ గులాబీరంగు నీడ వచ్చింది.
3. రేకుల్లో అరంగుళం పొడవున్న కుట్లు లేచి వేలాడుతున్నాయి.
4. నీళ్లతో పోయే నీలం పెన్నుతో గీసిన గీతలు కొన్నిచోట్ల గోధుమరంగుకి తిరిగి అలాగే ఉండిపోయాయి.
5. కుషన్ ఎక్కించాక నాలుగు మూలలూ ఖాళీగా, మొనదేలి ముందుకు పొడుచుకొస్తున్నాయి.

ఏది ఎందువల్ల? ఈ రెండింటినీ ఏమైనా బాగుచెయ్యొచ్చా?

సూదిమొన:

మీరు రాసినదాంట్లో అన్నిటికన్నా పనికొచ్చే మాట "ఫ్రేము నుంచి తీసినప్పుడు చదునుగానే ఉంది" అన్నది. ముడతలు ఎప్పుడు వచ్చాయో తెలిస్తే కారణం సగం దొరికినట్టే. ఫ్రేము తియ్యగానే ముడుచుకుంటే దారం బిగించి లాగారని, లేదా ఫ్రేములో గుడ్డ వదులుగా ఉందని అర్థం. తీసినప్పుడు బాగుండి ఉతికాక ముడుచుకుంటే గుడ్డ కుంచించుకుపోయింది. మీది రెండోది. మీ చేతి బిగువులో తప్పు లేదు, దాన్ని మార్చుకోకండి.

ఉతకని కాటన్ మొదటిసారి తడిసినప్పుడు నూటికి మూడు నుంచి ఐదు పాళ్లు కుంచించుకోవడం మామూలే. కొన్ని గుడ్డలు ఇంకా ఎక్కువ తగ్గుతాయి. 16 అంగుళాల మీద ఐదు పాళ్లంటే ముప్పావు అంగుళానికి పైమాటే. పువ్వు కింద ఉన్న గుడ్డ దారాలతో కిక్కిరిసి ఉంటుంది కాబట్టి అది తగ్గలేదు. చుట్టూ ఉన్నది తగ్గింది. పట్టున్న చోటా పట్టులేని చోటా కొలతలు వేరైపోయాయి, ఆ తేడాయే ఉబ్బు.

మిగతా రెండు కవర్లకు గుడ్డని గోరువెచ్చని నీళ్లలో, తర్వాత మీరు కవర్లు ఎలా ఉతుకుతారో అలాగే ఉతకండి. మిషన్లో వేసేవాళ్లయితే మిషన్లోనే వెయ్యండి. వెనక భాగానికీ లైనింగుకీ వాడే గుడ్డల్ని కూడా ఉతకాలి, చాలామంది ముందు గుడ్డ ఒక్కటే ఉతికి వదిలేస్తారు. కొంచెం తేమ ఉండగా నిలువు పోగు వెంట ఇస్త్రీ చెయ్యండి, ఐమూలగా లాగితే చతురస్రం వంకరపోతుంది.

పూర్తయినవాటికి: పూర్తిగా పోదు, చాలావరకు తగ్గుతుంది. కవరు చుట్టూ వేసిన కుట్టు విప్పి ముందు భాగాన్ని విడిగా తియ్యండి. చన్నీళ్లలో బాగా తడిపి, పిండకుండా తువ్వాల్లో చుట్టి నొక్కండి. మందపాటి థర్మాకోల్ పలక మీద తెల్లగుడ్డ పరిచి దాని మీద ఎంబ్రాయిడరీ పైకి వచ్చేలా వేసి, తుప్పు పట్టని గుండుసూదులతో ముందు నాలుగు వైపుల మధ్యలూ, తర్వాత మూలలూ, ఆ తర్వాత వాటి మధ్య అంగుళానికొకటి చొప్పున లాగి గుచ్చండి. పూర్తిగా ఆరేదాకా కదపకండి. ఆరాక దళసరి తువ్వాలు మీద బోర్లా వేసి వెనకనుంచి ఇస్త్రీపెట్టె ఎత్తి ఎత్తి పెట్టండి. తోస్తే కుట్లు చదునైపోతాయి.

కానీ ఆగండి. ఆ నీలం గీతలు ఇంకా ఉంటే ఇస్త్రీ జోలికి వెళ్లకండి, వేడే వాటిని గోధుమరంగుకి తిప్పి గుడ్డలో పట్టించేది. ఈ పెన్ను గీతల్ని సబ్బు లేని చన్నీళ్లతోనే పూర్తిగా కడిగేయాలి, సబ్బూ ఎండా ఇస్త్రీ అన్నీ ఆ తర్వాతే. పైపైన తడిస్తే మరక గుడ్డ లోపలికి దిగి, ఆరాక మళ్లీ పైకి తేలుతుంది కూడా. కాబట్టి గిన్నె నిండా నీళ్లలో ముంచి ఉంచండి. ఇప్పటికే గోధుమరంగైన గీతలకు చన్నీళ్లలో పదేపదే నానబెట్టడం ఒక్కటే, కొన్ని పోతాయి, కొన్ని పోవు. పోనివాటి మీద సన్నని కాడకుట్టు వరస అదనంగా వేసి కప్పెయ్యొచ్చు.

వేడికి మాయమయ్యే పెన్నులున్నాయి, వాటిని కుషన్లకు నేను సిఫారసు చెయ్యను. చలి బాగా తగిలితే గీత మళ్లీ కనబడుతుంది, ముదురు గుడ్డ మీదైతే తెల్లని చార మిగులుతుంది.

ఆరుపోగులు:

దారం సంగతి చెప్తాను, పూలరెక్క గారూ. రెండో, మూడో ఇబ్బందులు రెండూ అక్కడివే.

ఎరుపు, మెరూన్, ముదురు నీలం, నలుపు. వీటిని నమ్మకూడదు, ఎంత మంచి కంపెనీ దారమైనా సరే. మొదలుపెట్టేముందు జానెడు దారం తడిపి తెల్ల గుడ్డ మధ్య పెట్టి గట్టిగా నొక్కండి, ఐదు నిమిషాలు అలాగే ఉంచండి. మచ్చ కనిపిస్తే ఆ చుట్ట మొత్తాన్ని, కాగితం పట్టీలు తీసి, రెండుచోట్ల తెల్లదారంతో వదులుగా కట్టి, గోరువెచ్చని నీళ్లలో ముంచి తీస్తూ నీళ్లు తేటగా వచ్చేదాకా మార్చండి. నాలుగైదుసార్లు మార్చినా రంగు దిగుతూనే ఉంటే ఆ దారం గోడకి వేలాడే బొమ్మకు పనికొస్తుంది, ఉతికే వస్తువుకు కాదు.

ఉప్పు నీళ్లలోనో వెనిగర్‌లోనో నానబెడితే రంగు నిలబడిపోతుందని చాలామంది చెప్తారు. కాటన్ దారంలో వదులుగా ఉన్న రంగును ఇవేవీ నిలపవు. అద్దకం వేసే సమయంలో రంగు పోగులోకి ఎక్కడానికి ఉప్పు సాయపడుతుంది, ఆ మాటే ఇలా మారింది. వెనిగర్ పనిచేసేది ఉన్ని, పట్టు మీద వేసే ఆమ్లపు రంగులకి. వదులుగా ఉన్న రంగు పోవాలంటే నీళ్లు మార్చి మార్చి కడగడమే దారి.

గులాబీ నీడ వచ్చిన కవరుకు: పెద్ద బకెట్ నిండా చన్నీళ్లు, రెండు చుక్కల ద్రవ సబ్బు. గుడ్డని పూర్తిగా పరిచినట్టు ముంచండి, మడతలు పడితే రంగు అక్కడే తిరిగి పట్టుకుంటుంది. నీళ్లు ఎర్రబడగానే మార్చండి, రాత్రంతా ఎర్ర నీళ్లలో వదిలెయ్యకండి. బ్లీచింగ్ వద్దు, అది గుడ్డ అసలు రంగునీ ఎత్తేస్తుంది. ఇంకోసారి ఇలా కారితే గుర్తుంచుకోవాల్సింది: తడిగా ఉండగానే చన్నీటి ధార కింద పెట్టాలి. ఆరనిస్తే వదలడం కష్టం, ఇస్త్రీ చేశాక ఇంకా కష్టం.

ఇక లేచిన కుట్లు. శాటిన్ కుట్టు అందంగానే ఉంటుంది కానీ కుషన్ మీద రోజూ వీపులు రాసుకుంటాయి, గాజులూ జిప్పులూ తగులుతాయి. పావు అంగుళం దాటిన కుట్టు అక్కడ నిలబడదు. మీ రేకు అరంగుళం వెడల్పుంటే మూడు మార్గాలు:

రేకును పొడుగు-పొట్టి కుట్టుతో నింపడం. అంచు వరసలో ఒకటి పొడుగు ఒకటి పొట్టి, తర్వాతి వరస ముందు వరస కుట్ల చివర్లను చీల్చుకుంటూ పైకి రావాలి. రంగుల ఛాయలు కలపడానికి కూడా ఇదే.

రేకును నడిమధ్య గీతతో రెండుగా చీల్చి ఒక్కో సగం విడిగా శాటిన్ వెయ్యడం.

గొలుసు కుట్టు వరసలతో నింపడం. కుషన్‌కి నా ఓటు దీనికే. ఒక్కో కుట్టు పొట్టిగా ఉంటుంది, పక్క వరస పట్టుకుని ఉంటుంది, రాపిడికి ఆగుతుంది. రేకు ఆకారాన్ని అనుసరిస్తూ బయటనుంచి లోపలికి వెళ్లాలి, అన్ని వరసలూ ఒకే దిక్కుగా కుడితేనే మెరుపు సమంగా వస్తుంది.

ఆకులకు ఫిష్‌బోన్ (చేపముల్లు) కుట్టు వెయ్యండి. మొనలో ఒక నిలువు కుట్టు, ఆ తర్వాత కుడి అంచు నుంచి ఈనె దాటి కొంచెం ఎడమకు, ఎడమ అంచు నుంచి ఈనె దాటి కొంచెం కుడికి. కుట్లు నడుమ ఒకదాన్నొకటి దాటుతాయి కాబట్టి ఈనె దానంతటదే ఏర్పడుతుంది, కుట్టు పొడవూ సగమైపోతుంది.

పోగుల గురించి ఒకటి. మూడు పోగుల్ని ఆరింట్లోంచి ఒక్కసారే లాగితే చిక్కుపడుతుంది. మోచేతి నుంచి వేళ్ల కొసదాకా, అంటే దాదాపు 45 సెంటీమీటర్లు కత్తిరించండి. ఒక పోగు కొస పట్టుకుని నిలువుగా పైకి లాగండి, మిగిలిన ఐదూ కిందకు కుప్పగా దిగి, పోగు బయటికి రాగానే వాటంతటవే చాపుకుంటాయి. ఇలా మూడుసార్లు తీసి, ఆ మూడింటినీ పక్కపక్కన చేర్చి ఎక్కించండి. విడదీసి చేర్చిన పోగులు పడుకున్నట్టు పరుచుకుంటాయి, విడదియ్యనివి తాడులా మెలిపడి మధ్యమధ్య గుడ్డ కనిపిస్తుంది. 8 మీటర్ల చుట్టలో 45 సెంటీమీటర్ల ముక్కలు 17 వస్తాయి, మూడు పోగుల చొప్పున 34 సార్లు సూదికి ఎక్కించొచ్చు. ఒక పువ్వుకి ఎన్నిసార్లు ఎక్కించారో లెక్క పెట్టుకుంటే నాలుగు కవర్లకూ ఒకేసారి కొనెయ్యొచ్చు. ఒకే నంబరు రంగైనా వేరే సరుకులో ఛాయ కొద్దిగా తేడా రావచ్చు.

సూది: మూడు పోగులకు ఎంబ్రాయిడరీ సూది 7వ నంబరు, రెండు పోగులకు 8 లేదా 9. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. సూది మరీ సన్నమైతే గుడ్డలో దారానికి సరిపడా దారి పడదు, ప్రతి కుట్టుకీ దారం ఒరుసుకుని నూగు లేస్తుంది. మీ రేకుల్లో మెరుపు తగ్గి ఉంటే ఇదీ చూసుకోండి.

కచ్చాకుట్టు:

మూలల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను. కుషన్ లోపలి దిండు మూలలు ఎప్పుడూ 90 డిగ్రీల మొన దాకా నిండవు. కవరు మాత్రం మొన దాకా ఉంటుంది. ఆ ఖాళీయే పొడుచుకొస్తోంది.

ముందు భాగాన్ని రెండుసార్లు సగానికి మడిచి నాలుగు పొరల చతురస్రం చెయ్యండి. తెరుచుకునే మూల మీకు ఎదురుగా ఉండాలి. మడత చివరకీ ఆ మూలకీ సరిగ్గా సగంలో, రెండు అంచుల మీదా ఒక్కో చుక్క. మూల నుంచి లోపలికి, రెండు అంచులకూ అరంగుళం దూరంలో ఇంకో చుక్క. అంచు చుక్కల నుంచి ఈ చుక్కకు స్కేలుతో గీతలు కలిపి, నాలుగు పొరలూ ఒకేసారి కత్తిరించండి. విప్పి చూస్తే మూలలు కొద్దిగా లోపలికి జారినట్టు ఉంటాయి. చూడటానికి వంకరగా అనిపిస్తుంది, దిండు ఎక్కాక మాత్రం చక్కని చతురస్రం. ఎంబ్రాయిడరీ పూర్తయినవాటికీ ఇది చెయ్యొచ్చు, పాత కుట్టు మీదనుంచే కొత్త గీత గీసి కుట్టి, మిగులు కత్తిరించండి.

కొత్తవాటికి కొలతలు. కుట్టు ఖర్చు (కుట్టు బయట వదిలే అంచు) అన్నివైపులా అరంగుళం. కవరు దిండు కన్నా అరంగుళం చిన్నగా, 15½ ఉంటే బిగుతుగా నిండుగా ఉంటుంది.

ముందు భాగం: ఎంబ్రాయిడరీకి 20 × 20 అంగుళాల ముక్క తీసుకోండి. ముందే 16½కి కత్తిరించొద్దు. ఫ్రేముకి అంచు కావాలి, కుట్టినకొద్దీ గుడ్డ కాస్త దగ్గరకొస్తుంది, అంచు పోగులూ ఊడిపోతాయి. పనంతా అయ్యాక ఉతికి, పిన్నులతో చాపి ఆరబెట్టి, అప్పుడు పువ్వు నడుమ నుంచి నాలుగు వైపులా 8¼ కొలిచి 16½ × 16½ కత్తిరించండి. పువ్వు పక్కకు జరిగిపోయే ఇబ్బందే ఉండదు.

వెనక భాగం, జిప్ లేకుండా: 16½ × 12 ముక్కలు రెండు. ఒక్కోదాని ఒక పొడుగు అంచును అరంగుళం, మళ్లీ అంగుళం మడిచి కుట్టండి, వెడల్పు 10½ మిగులుతుంది. రెండూ ఒకదాని మీదొకటి 4½ అంగుళాలు ఎక్కుతాయి. మూడంగుళాల కన్నా తక్కువ ఎక్కితే దిండు ఒత్తిడికి నోరు తెరుచుకుంటుంది. మంచివైపు మంచివైపుకి పెట్టి చుట్టూ కుట్టి, రెండు ముక్కలూ ఎక్కేచోట కుట్టు మూడుసార్లు ముందుకూ వెనక్కీ వెయ్యండి, చిరిగేది అక్కడే. అంచులకు జిగ్‌జాగ్ తప్పనిసరి.

ఇంకోటి, ముందు భాగానికి లోపల పల్చని లైనింగ్ వెయ్యండి. దిండు ఎక్కించి తీసే ప్రతిసారీ వెనక ఉన్న దారం కొసలు చేతికి తగిలి లాగుతాయి. లైనింగు బదులు ఐరన్ చేస్తే అంటుకునే పల్చని పేస్టింగ్ క్లాత్‌ని కుట్టడానికి ముందే గుడ్డ వెనక అంటించుకుంటే ఇంకా మేలు. గుడ్డ గట్టిగా ఉంటుంది, ముడతలు రావు.

ఆరుపోగులు:

చివరి మాటతో ఒప్పుకోలేను. పేస్టింగ్ ముందే అంటిస్తే సూది ప్రతి కుట్టుకీ జిగురులోంచి దూరాలి. చెయ్యి నొప్పెడుతుంది, దారం నూగు లేస్తుంది, కాడకుట్టు లాంటి సన్నని పనిలో కుట్లు ఎగుడుదిగుడు అవుతాయి. మిషన్ ఎంబ్రాయిడరీకి ముందు అంటించడం సరే. చేతిపనికి గుడ్డ పల్చగా ఉంటే వెనక ఉతికిన మల్లు గుడ్డ (పల్చని కాటన్) వేసి, రెండంగుళాల గళ్లుగా కచ్చా కుట్లు వేసి, రెండు పొరలూ కలిపి ఫ్రేములో బిగించండి. దారం కొసల్ని కూడా ఆ మల్లులోనే దాచొచ్చు. పేస్టింగ్ కావాలంటే పనంతా అయ్యాక, కొసలు మూసేందుకు.

కచ్చాకుట్టు:

చేతిపని వరకు మీ మాటే సరి. నేను చెప్పింది మిషన్ పనికి సరిపోయే పద్ధతి. పూలరెక్క గారూ, మల్లు గుడ్డే వాడండి. పని అయ్యాక పువ్వు అంచు నుంచి అరంగుళం వదిలి మిగిలిన మల్లుని కత్తిరించెయ్యొచ్చు, లేదా మొత్తం అలాగే ఉంచితే అదే లైనింగ్.

పూలరెక్క:

చాలా స్పష్టంగా ఉంది, మూడు రోజులుగా తిప్పలు పడుతున్నది ఇప్పుడు అర్థమైంది. రెండు సందేహాలు. మూడో కవరు మీద పువ్వు నడుమ ముడికుట్ల బదులు గుండ్రని అద్దం పెట్టాలనుకుంటున్నాను, రంధ్రాలు లేని మామూలు గాజుది, అంగుళంలోపు. ఊడిపోకుండా ఎలా? ఇదే గుడ్డతో ఒక టేబుల్ రన్నర్ కూడా కుట్టాలి, దాని మూలల్లో మడతలు లావుగా గుట్టలా వస్తున్నాయి.

సూదిమొన:

అద్దం ఊడటానికి చాలావరకు కారణం, పైకుట్టుకి ముందు అద్దం మీదుగా వేసే పట్టీ కుట్లు వదులవడమే. పైన అందంగా కనిపించే కుట్టు అద్దాన్ని మొయ్యదు, ఈ పట్టీలే మోస్తాయి.

ముందు అద్దం అంచు మీద వేలు పోనివ్వండి. గరుకుగా ఉంటే సన్నని ఉప్పుకాగితం తడిపి దాని మీద రుద్దండి, గాజు అంచు దారాన్ని కొంచెం కొంచెంగా కోసేస్తుంది. అద్దాన్ని ఒక చుక్క గుడ్డ జిగురుతో నిలిపి, అది ఆరాక మొదలుపెట్టండి.

మూడు పోగులు. అద్దం మీదుగా రెండు నిలువు కుట్లు, అద్దాన్ని మూడు భాగాలు చేసేలా. వాటికి అడ్డంగా రెండు కుట్లు, ఒక్కోటి నిలువు దారాల్ని దాటేచోట వాటి చుట్టూ ఒకసారి తిరిగి వెళ్లాలి. నడుమ చిన్న చదరం కిటికీ ఏర్పడుతుంది. ఇప్పుడు ఇలాంటిదే ఇంకొకటి, 45 డిగ్రీలు తిప్పి, మొదటిదాని మీద. సూది ప్రతిసారీ అద్దం అంచుకి ఆనుకునే గుడ్డలోకి దిగాలి, దూరంగా దిగితే పట్టీ వదులు. దారాన్ని వదులు లేకుండా లాగండి, కానీ పట్టీ అద్దానికి అతుక్కుపోయేంత కాదు. పట్టీలు అద్దం అంచుకు మరీ దగ్గరగా ఉంటే జారిపోతాయి, మరీ నడుమకొస్తే అద్దం కనబడదు. చివర్లో ఆ పట్టీల కిందనుంచి సూది తీసి బయట గుడ్డలో కాజా కుట్టు వేస్తూ చుట్టూ తిరగండి. ప్రతి కుట్టూ పట్టీని బయటికి లాగుతుంది కాబట్టి చదరపు కిటికీ గుండ్రంగా తెరుచుకుంటుంది. అలా తెరుచుకోకపోతే పట్టీలు బిగువు ఎక్కువై అద్దానికి అతుక్కుపోయాయని, కాజా కుట్టు దూరదూరంగా పడిందని.

ఒక మాట, అద్దాన్ని కుషన్ నడుమ కాకుండా మూల వైపుకు జరపండి. గాజు మీద తల ఆన్చడం బాగుండదు, పగిలితే ప్రమాదం. ప్లాస్టిక్ అద్దమైతే పగలదు కానీ ఇస్త్రీ వేడికి వంగిపోతుంది.

ముడికుట్లు వేసేచోట మాత్రం సూది పైకి వచ్చిన రంధ్రంలోకే తిరిగి దించకండి. ఒకటి రెండు పోగుల దూరం వదలండి, లేకపోతే ముడి వెనక్కి జారిపోతుంది. పెద్ద ముడి కావాలంటే చుట్లు పెంచొద్దు, పోగులు పెంచండి. మూడు చుట్ల ముడి రాపిడికి పడుకుంటుంది.

కచ్చాకుట్టు:

రన్నర్ మూల. ముందు నాలుగు అంచులూ అర అంగుళం, ఆపైన అంగుళం మడిచి ఇస్త్రీతో గుర్తు పడేలా నొక్కి, పూర్తిగా విప్పండి. ప్రతి అంచున రెండు గీతలు కనిపిస్తాయి. లోపలి గీతలు రెండూ ఒకదాన్నొకటి కోసుకునే చోటు ఉందే, రన్నర్ అసలు మూల అదే. మూలని లోపలికి ఐమూలగా మడవండి, మడత సరిగ్గా ఆ బిందువు మీదనుంచి పోవాలి. ఇస్త్రీ చేసి, మడత నుంచి పావు అంగుళం వదిలి మొన కత్తిరించెయ్యండి. ఇప్పుడు అర అంగుళం మడత, దాని మీద అంగుళం మడత మళ్లీ వేస్తే రెండు వైపులూ 45 డిగ్రీల గీత మీద వచ్చి కలుస్తాయి. గుట్ట ఉండదు. కలిసేచోట చేత్తో కనబడని కుట్టు, చుట్టూ హెమ్మింగ్.

గీతలు అరనూలు తేడా వచ్చినా మూల కలవదు, కాబట్టి మడతల్ని కంటితో కాకుండా అట్టముక్క మీద అర అంగుళం, ఒకటిన్నర అంగుళం గీతలు గీసుకుని దాని ఆసరాతో మడవండి. ఎంబ్రాయిడరీని అంచు మడతకి కనీసం అంగుళం లోపల ఆపండి, దగ్గరగా ఉంటే ఫ్రేములో బిగించలేరు, హెమ్మింగ్ సమయంలో సూది ఆ కుట్లలోనే దిగుతుంది.

పూలరెక్క:

మూడో కవరు గుడ్డ ఇప్పుడే నీళ్లలో వేశాను. ఎర్ర దారం చుట్ట తడిపి తెల్లగుడ్డలో నొక్కితే గులాబీ మచ్చ పడింది, ఇప్పటికి మూడుసార్లు నీళ్లు మార్చాను, రంగు పలచబడుతోంది.

ఆరుపోగులు:

తేటగా వచ్చాక ఆ చుట్టని నీడలో ఆరబెట్టి, ఆరిన దారాన్ని ఇంకోసారి తడిపి తెల్లగుడ్డ మీద చూసుకోండి. తడిలో ఉన్నప్పుడు తేటగా వచ్చి, ఆరి మళ్లీ తడిసినప్పుడు కొంచెం దిగే ఎరుపులున్నాయి.